వీపు తిప్పి చెప్పిన మాట

చెల్లెలికి డిగ్రీ అవుతూనే ఉద్యోగం వచ్చింది. ఏ ఊళ్ళో చేరతావని ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి అడిగే వేళకి ఆమె అక్క నడిపే బ్యూటీ పార్లర్లో ఉంది. ఉన్న ఊళ్ళోనే చేరవచ్చు, కావాలంటే సముద్రం పక్కనున్న దూరపు ఊరికైనా పోవచ్చు.

అక్కకి చెవులు వినపడవు. పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. అందుకని ఆమెకి తెలియకూడని సంగతులన్నీ ఆ ఇంట్లో వీపు తిప్పి చెప్పుకుంటారు. కొన్ని ఇళ్ళల్లో గొంతు తగ్గిస్తారు, కొన్ని ఇళ్ళల్లో తలుపేస్తారు. ఈ పద్ధతిలో సుఖమేమిటంటే, అరిచినా ఫరవాలేదు.

చెల్లెలు వీపు తిప్పింది.

"సముద్రం ఊరే ఇవ్వండి సార్. ఎంత దూరమైతే అంత మంచిది."

తర్వాత అక్కవైపు తిరిగి ముఖం వేలాడేసుకుంది. "దూరం వేసేశారక్కా. ఎంత బతిమాలినా వినలేదు."

"వేసినచోటికి పోవాలి కదే. రా, చివర్లు కత్తిరిస్తాను. ఆ జుట్టుతో వెళ్ళి నా పరువు తీయకు."

చెల్లెలు కుర్చీలో కూర్చుంది. వెనక కత్తెర ఆడుతోంది. తనని చదివించింది ఆ కత్తెరే. పార్లర్‌కి వచ్చే ఫోన్లు ఇకమీదట ఎవరెత్తుతారు? చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిలాయి.

"తప్పు చేశానక్కా."

"ఏం తప్పే?" అంది అక్క వెనకనుంచి.

చెల్లెలు ఉలిక్కిపడి తలెత్తింది. అక్క ఎదురుగా ఉన్న అద్దంలోకి చూస్తోంది. రోజూ కుర్చీ వెనక నిలబడే మనిషి, వచ్చినవాళ్ళ మాటలన్నీ ఆ అద్దంలోనే చదువుకుంటుంది. ఇందాక తను వీపు తిప్పి నిలబడింది కూడా ఆ అద్దం ముందే.

"తల కదపకు" అంది అక్క. "నేనైతే ఇంకా దూరం అడిగేదాన్ని."