నూనె లేని జావ

రుక్మాబాయి నూనె చుక్క లేకుండా కాచి తెచ్చిన జావను తిరుపతమ్మ వాకిట్లోనే పారబోసింది.

"నా కోడలికి తిండిల మందు పెట్టింది నువ్వే. నువ్వొచ్చినంకనే దానికి నొప్పి మొదలైంది."

బోధన్‌లో ఆ గల్లీ ఆడవాళ్లంతా బీడీల చాటలు పక్కన పెట్టి చూశారు. కిరాయికి దిగి నాలుగు నెలలైనా కాని మనిషిని ఎవరు వెనకేసుకొస్తారు?

రుక్మాబాయి ఖాళీ గిన్నె తీసుకుని, కోడలు రమ్య చాటలో ఒక కాగితం ముక్క పెట్టింది.

"రాళ్లు లేకున్నా నొప్పి అబద్ధం కాదు బిడ్డా. నిజామాబాద్‌ల గీ డాక్టరు సారుకు సూపిచ్చుకో."

మర్నాటికి ఆమె గది ఖాళీ.

రమ్యకు అన్నమంటేనే భయం. నాలుగు ముద్దలు తింటే చాలు, కుడి డొక్కలో మెలిపెట్టేది. రెండుసార్లు స్కానింగ్ తీసి రాళ్లు లేవన్నారు. ఏమీ లేకుంటే నొప్పెందుకని, తిరుపతమ్మ మందు కక్కించే మనిషి దగ్గరికి తీసుకుపోయి పసరు తాగించింది. పిల్ల మూడు రోజులు మంచం దిగలేదు. కోడలంటే ప్రాణం కాబట్టే అంత పని చేసింది, పిచ్చి తల్లి.

ఆఖరికి ఆ కాగితమే దిక్కయింది.

"పిత్తాశయంలో రాళ్లు లేవమ్మా. కానీ అది సరిగ్గా ముడుచుకోవడం లేదు," అన్నాడు నిజామాబాద్ డాక్టరు, ఇంకో పరీక్ష చేయించి. "వేరే కారణం కూడా కనబడట్లేదు. తీసేస్తే తగ్గొచ్చు."

ఆపరేషనైన నెలకు రమ్య పప్పన్నం తిని, "ఇంకింత పెట్టత్తమ్మా," అంది. తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తెల్లారి టిఫిన్ నిండా పాయసం కట్టుకుని, రుక్మాబాయికి గది కిరాయికిచ్చిన ఇంటామెను ఆమె ఊరడిగి, కోటగిరి అవతలి పల్లెకు పోయింది. రుక్మాబాయి చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాలి.

తలుపు తీసింది ఆమె తమ్ముడు తుకారాం. తిరుపతమ్మ తానెవరో, కోడలి నొప్పి సంగతేంటో చెప్పింది.

"అక్క పోయి పది దినాలాయె."

తిరుపతమ్మ టిఫిన్ గడప మీద పెట్టి లోపలికి చూసింది. గోడ మీద రెండు ఫొటోలకు దండలున్నాయి. ఒకటి రుక్మాబాయిది. రెండో ఫొటోలో రమ్య ఈడు పిల్ల.

"గా పిల్లెవరు?"

"అక్క బిడ్డ. గిసొంటి నొప్పే. రాళ్లు లేవన్నరు. ఎవ్వరు నమ్మకపోయేసరికి కాల్వల దుంకింది. అటెన్క అక్క ఎంతమంది డాక్టర్లను అడిగిందో, నా బిడ్డకు ఏమైందని. నిజామాబాద్ సారొక్కడే చెప్పిండు."

"ముందుగాల సూపియ్యకపోయిండ్రా?"

తుకారాం పిల్ల ఫొటో మీది దండ సర్దాడు.

"యాడ సూపిచ్చినం అక్కా? మందు పెట్టిందని పక్కింటామెను వాకిట్ల నిలబెట్టి తిట్టి, బిడ్డకు పసరు తాపిచ్చింది మా అక్కనే."