రెల్లుపిట్ట ఎందుకు అరుస్తుంది?

వీధి తలుపు గడియ ఊడిపడిన చప్పుడుకి తల్లి కూతుర్ని లాక్కుని మంచం కింద దూరింది. సూట్‌కేసు అడ్డంగా జరిపి, పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది.

పిల్ల ఆ చేతిని మెల్లగా తప్పించి గుసగుసలాడింది.

"ఇవాళ బళ్లో చెప్పారమ్మా. సముద్రంలో ఉండే బుల్లి స్క్విడ్‌కి భయమేస్తే మనలాగే దూరిపోతుందట. పైన ఇసుక కప్పుకుని, కదలకుండా పడుంటుందట. చిత్తడి నేలల్లో ఉండే రెల్లుపిట్టేమో, గూటి దగ్గరికి పామొస్తే ఒకటే అరుపులట."

"తెలివితక్కువ పిట్ట. అరిస్తే గూడెక్కడుందో పాముకి తెలిసిపోదూ?"

"పాముకి ముందే తెలుసు కదమ్మా. పక్క గూళ్లకి తెలియాలనే అరుస్తుంది."

అడుగుల చప్పుడు నేరుగా పడగ్గదిలోకి వచ్చి మంచం పక్కనే ఆగింది. సూట్‌కేసు కదిలింది.

ఇన్నేళ్లలో ఎన్నడూ పెగలని తల్లి గొంతు అప్పుడు పెగిలింది.

"పక్కింటి వదినా! అన్నయ్యా! చంపేస్తున్నాడు, రండి!"

గోడకి అవతల దబదబా తలుపులు తెరుచుకున్నాయి.

సూట్‌కేసు మీద చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అరవకే," అన్నాడు పిల్ల తండ్రి, గొంతు తగ్గించి. "నలుగురూ వింటే నా పరువేం కాను?"