అసలు కాగితం

విచారణ గది బయట బల్ల మీంచి ఆ మనిషి లేచి చోటిచ్చాడు.

"కూర్చోండమ్మా."

"నువ్వు లేచిన చోట నేను కూర్చోను," అంది టీచరు.

వెనకే వచ్చిన ఆమె మరదలు అంతటితో ఊరుకోలేదు.

"కొట్లో ఇంకా ఎన్ని మిగిలాయి? మా ఇంట్లో ఇంకా ఇద్దరం ఉన్నాం."

అతను వెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు.

అతనిది తుపాకుల కొట్టు. టీచరు తమ్ముడు బస్సు డ్రైవరు. పట్టపగలు, బస్సు నిండా జనం చూస్తుండగా దొంగలు అతణ్ణి కాల్చిన తుపాకి ఆ కొట్లో అమ్మిందే.

లోపల ఆయుధాల శాఖ అధికారి పది రోజులుగా ఒకే మాట చెబుతున్నాడు.

"దొంగలకి అమ్ముతున్నాడని మాకు తెలియదు."

టీచరు దగ్గరున్న కాగితం ఇంకో మాట చెబుతోంది.

తమ్ముడు పోయిన నెలకి బడికి ఒక కవరు వచ్చింది. పంపినవారి పేరు లేదు. లోపల టైపు చేసిన కాగితం ఒక్కటి. దాని ఎడమ అంచు చిరిగి ఉంది. చిరిగిన చోట వెలిసిన ఊదారంగు మరక. నలభై ఒక్క తుపాకుల నంబర్లు, అమ్మిన తేదీలు, ఆ కొట్టు పేరు. కింద నాలుగు వాక్యాలు.

'కొనేవాళ్లు దొంగలని శాఖకి ముందే తెలుసు. వాళ్ల వెంట వెళ్లి పెద్ద ముఠాని పట్టుకుంటామని శాఖే అమ్మించింది. ఒక్క తుపాకి జాడ కూడా నిలుపుకోలేకపోయింది. ఈ సంగతి బయటపెడితే జైలని బెదిరించింది.'

పదిహేడో నంబరు తమ్ముణ్ణి చంపిన తుపాకిది.

ఆ కాగితం వల్లే విచారణ మొదలైంది. కానీ జడ్జిగారు మొదటిరోజే తేల్చేశారు.

"ఎవరు రాశారో తెలిస్తే తప్ప ఇది చెల్లదమ్మా."

శాఖలోనే మనస్సాక్షి ఉన్నవాడెవడో రాసి ఉంటాడని టీచరు నమ్మకం. అమ్మినవాడు తన కొట్టు పేరు తనే రాసి పంపుకోడు కదా. రోజూ మెట్లెక్కి వచ్చే శాఖ గుమాస్తాల మొహాలు ఒక్కొక్కటీ చూసేది. ఈ రోజైనా ఆయన వచ్చి నేనే రాశానంటాడేమోనని.

పదో రోజు అధికారి ఆ కొట్టు అమ్మకాల రిజిస్టరు తెచ్చి జడ్జిగారి బల్ల మీద పెట్టాడు.

"చివరి పేజీ లేదండీ. ఇంకెన్ని దొంగ అమ్మకాలు అందులో రాసుకుని చింపేశాడో."

భోజన విరామంలో కుళాయి దగ్గర కొట్టతను ఎదురయ్యాడు.

"అమ్మా, మీకొచ్చిన ఆ కాగితం... అసలుది లోపల ఇచ్చారా?"

టీచరు చెయ్యి చేతిసంచి మీదికి పోయింది. ఇచ్చింది జిరాక్సు. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకూడదని ఇరవై ఆరేళ్లుగా పిల్లలకి చెబుతోంది.

"నీకెందుకు?"

"అసలుది ఇవ్వండమ్మా. జిరాక్సులో అన్నీ పడవు."

"ఇస్తే నువ్వు మాయం చెయ్యడానికా? రిజిస్టర్లో పేజీ చింపినట్టు?"

అతను ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో అధికారి నిలబడి ఇటే చూస్తున్నాడు.

"ఎల్లుండి నా సాక్ష్యం ఉందమ్మా. అందరి ముందూ చెబుతాను."

"ఏం చెబుతావులే."

ఆ ఎల్లుండి అతనికి రాలేదు. మర్నాడు పొద్దున కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఎవరో వెనకనుంచి కాల్చారు.

"పాపం పండింది వదినా," అంది మరదలు.

టీచరుకి సంతోషం కలగలేదు. అయ్యో అనీ అనిపించలేదు.

అతను సాక్ష్యం చెప్పాల్సిన రోజున అధికారి ఇస్త్రీ చొక్కాలో వచ్చి నిలబడ్డాడు.

"తప్పు చేసినవాడు పోయాడు. ఇక విచారించడానికి ఏం మిగిలిందండీ?"

జడ్జిగారు కళ్లద్దాలు తీశారు.

"మీరేమైనా చెప్పుకుంటారామ్మా?"

టీచరు లేచింది. చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు.

"ఆ రిజిస్టరు ఒక్కసారి చూడనివ్వండి. మా తమ్ముణ్ణి చంపినదాని నంబరు అతను ఏ చేత్తో రాశాడో చూస్తాను."

"చూడండి."

పరీక్ష పేపర్లు తిరగేసే అలవాటు చేతికి ఉంది. పదిహేడో నంబరు దొరికింది. గుండ్రటి, నెమ్మదైన అక్షరాలు. ఆ గీత మీద వేలు పెట్టి అంచుదాకా జరిపింది.

అప్పుడు కనబడింది. రెండు పేజీలు కలిసే చోట ఊదారంగులో గుండ్రటి ముద్ర. తర్వాతి పేజీ దగ్గరా ఉంది. ఆ తర్వాతి పేజీ దగ్గరా ఉంది.

"ఇదేంటి బాబూ?"

"శాఖ ముద్రమ్మా," అన్నాడు పక్కనున్న గుమాస్తా. "ఎవరూ పేజీలు మార్చకుండా సగం ఈ పేజీ మీద, సగం ఆ పేజీ మీద పడేలా మావాళ్లే కొడతారు."

టీచరు గబగబా చివరికి తిప్పింది. చింపగా మిగిలిన సన్నటి పేలిక. దాని పక్క పేజీ మీంచి వచ్చి అక్కడ ఆగిపోయిన ముద్ర.

ఆమె సంచి తెరిచింది. ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీయడానికి చాలాసేపు పట్టింది.

చిరిగిన అంచుని చిరిగిన అంచుకి ఆనించింది. ఎక్కడా సందు లేదు. మరక అనుకున్నది ముద్రలో మిగతా భాగం.

అధికారి కూర్చుండిపోయాడు.

"ఎవరు రాశారో తెలిసిందామ్మా?" జడ్జిగారు మెల్లగా అడిగారు.

"తెలిసిందండీ. రాసినాయన ఇన్ని రోజులూ ఈ గుమ్మం బయటే నిలబడి ఉన్నారు, నేనే కూర్చోనివ్వలేదు."