అడుగు కనబడే నీళ్లు

"ఇయ్యాల దిగొద్దు, పహిల్వాన్ సాబ్."

బుచ్చయ్య హౌజు మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

బాలనర్సింహ ఆగి చూశాడు. అప్పుడే తాలీంలో కుస్తీ పట్టి వచ్చాడు. ఒళ్లంతా ఎర్రమట్టి. హైదరాబాదు కార్వాన్‌లో అతనికి ఎదురు మాట్లాడిన మనిషి లేడు.

"ఎవరింట్ల నిలబడి ఎవనికి చెప్తున్నవ్‌రా?"

"మీ ఇల్లే సాబ్. రేపు పొద్దుగాల దిగుర్రి."

అది 1946 వేసవి. బాలనర్సింహ వాళ్ల అన్న రామ్‌చందర్ ముత్యాల వ్యాపారి. ఇంటి వెనుక రాతితో కట్టించిన ఈత హౌజు ఉంది. ఎండలు ముదిరితే నీళ్లు పచ్చబడేవి. నెల కిందట ఒక నడివయసు మనిషి గేటు దగ్గరకు వచ్చి, "హౌజు సాఫ్ చేస్త" అన్నాడు. పేరు బుచ్చయ్య అన్నాడు. అంతకు మించి ఎవరూ అడగలేదు.

గోడలకు పట్టిన నాచంతా గీకేశాడు. సాయంత్రం పూట బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, పైన తేరిన తేటను హౌజులో పోసేవాడు. పొద్దున తెల్ల గిన్నెలో ఆ నీళ్లు తీసి ఏదో మందు చుక్కలు వేసేవాడు. లేత నీలం తిరిగితే దిగవచ్చు. ముదురు నీలమైతే ఘాటు తగ్గలేదని లెక్క.

ఆ రోజు గిన్నెలో నీళ్లు ముదురు నీలంగా ఉన్నాయి.

"నాచు మళ్ల లేసింది సాబ్. నిన్న నాలుగంతలు పోసిన. కండ్లు మండుతయ్."

చెంప పగిలింది. బుచ్చయ్య కింద పడ్డాడు. లేచి మళ్లీ మెట్ల మీదికే వచ్చాడు.

"కాళ్లు మొక్కుత. ఒక్క దినం ఆగుర్రి."

ఈసారి పిడికిలి. రెండు పళ్లు ఊడి రాతి మీద పడ్డాయి. అయినా బుచ్చయ్య పహిల్వాన్ కాలు పట్టుకుని వదల్లేదు. బాలనర్సింహ ఆ చేతిని మడమతో తొక్కాడు. ఎముక విరిగింది.

బాలనర్సింహ హౌజులోకి దూకాడు.

నీళ్లలో కళ్లు తెరిచాడు. మరుక్షణం పైకి తేలి కేకలు పెట్టాడు.

"నా కండ్లు! వీడు జహర్ కలిపిండు!"

ఇంటి పనివాళ్లు కర్రలతో వచ్చారు. దారిన పోయేవాళ్లు గోడ దూకారు. ఒక్కడూ ఏం జరిగిందని అడగలేదు.

"కొట్టకుర్రి భాయ్! చచ్చిపోతడు!"

గేటు కాపలా చూసే దర్వాన్ జహంగీర్ అడ్డం పడ్డాడు. రెండు దెబ్బలు అతని భుజం మీద పడ్డాయి. మూడోది బుచ్చయ్య తల మీద పడింది. తల వెళ్లి హౌజు గట్టుకు కొట్టుకుంది. రక్తం మెట్టు మెట్టూ దిగి నీళ్లలో కలిసింది.

జహంగీర్ ఒక్కడే అతన్ని జట్కాలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

ఇంట్లో డాక్టర్ వెంకటనారాయణ పహిల్వాన్ కళ్లు కడుగుతున్నాడు.

"జహర్ కాదయ్యా, విషం గిషం ఏం లేదు, బ్లీచింగ్ పౌడర్. మనం తాగే నల్లా నీళ్లల్ల గూడ ఇంత కలుపుతరు. రెండు దినాలల్ల మంచిగైతది."

"మస్తు మండుతున్నయ్, డాక్టర్ సాబ్."

"మండవా మరి? అంత పోసినంక దిగొద్దని ఎవరు చెప్పలేదా?"

బాలనర్సింహ హౌజు వైపు ముఖం తిప్పాడు.

"చెప్పిండు" అన్నాడు.

పొద్దు గూకే వేళకు జహంగీర్ తిరిగి వచ్చాడు. అతని అంగీ నిండా రక్తం.

"పోయిండు. ఇంటోళ్లు గుడిమల్కాపూర్‌ల ఉంటరట. వాళ్లకు ఎవరు చెప్తరు?"

"నేనే చెప్త. ఆడికెల్లి ఠాణకు పోత" అన్నాడు బాలనర్సింహ.

తెల్లారి, వాచిన కళ్లతో బాలనర్సింహ వెతుక్కుంటూ పోయి ఆ ఇంటి తలుపు కొట్టాడు.

తలుపు తీసిన మనిషిని చూసి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆండాలు. అంజన్ తల్లి.

అంజన్, తాలీంలో అతని జోడీ. ఐదేళ్ల కిందట ఒక్కడే ఈతకు దిగి, అదే హౌజు మెట్ల మీద నాచుకు జారి మునిగిపోయాడు. పచ్చటి నీళ్లలో ఎక్కడున్నాడో కనబడక, వెదురు బొంగులతో వెతికి తీసేసరికి సాయంత్రమైంది. తండ్రి అప్పుడు యుద్ధానికి పోయి ఉన్నాడు. బస్రాలో సిపాయిల పల్టన్‌కు నీళ్లు శుభ్రం చేసే పని. కొడుకు చివరి చూపుకు కూడా రాలేకపోయాడు. బాలనర్సింహ ఎన్నడూ అతన్ని చూడలేదు; ఆండాలు అప్పుడే కార్వాన్ విడిచిపోయింది.

"కండ్లు గట్ల వాచినయేంది బిడ్డా? లోపలికి రా" అంది ఆండాలు. "మా పిల్లగాని లెక్క నిన్ను గూడ ఆ నీళ్లు మింగొద్దని, అంజన్ వాళ్ల బాపు దినాం మీ హౌజు కాడికే పోతుండు గద, నిన్న పోయినోడు ఇంకా ఇంటికి రాలే, నువ్వేమన్న చూసినవా?"