పేరులేని నంబరు

సముద్రపొడ్డున గుడారాలూ వ్యాన్లూ అద్దెకు నిలుపుకునే క్యాంపు. అక్కడి వంటషెడ్డులో నిలబడి బ్రైడీ కొత్త సిమ్ కవరు చింపింది.

వెస్ట్‌పోర్ట్ సూపర్‌మార్కెట్లో కొన్నది. పేరడగలేదు, చిరునామా అడగలేదు. ఇక మొగుడు క్రెయిగ్ తలకిందులుగా తపస్సు చేసినా తన జాడ దొరకదు.

ఎదురుగా టోస్టుకు వెన్న రాసుకుంటున్న ముసలాయన చెయ్యి ఆగిపోయింది. పేరు మెర్వ్. పాత వ్యానులో ఒంటరిగా ఉంటాడు.

"సిమ్ కొత్తదే. ఫోనెవరు కొనిచ్చారమ్మా?"

"మీకెందుకు?"

"మీ ఆయనే అయితే దాన్ని సముద్రంలో పారెయ్. నంబరుకి పేరు లేకపోతే సరిపోదు. ఆ ఫోన్లోంచి ఆయన నిన్ను చూస్తూనే ఉంటాడు."

బ్రైడీ సిమ్‌ను గుప్పిట్లో దాచుకుంది. తనకో మొగుడున్నాడని ఈయనకెలా తెలుసు? తన మెడ మీద కమిలిన మచ్చే ఆ మాట ఎవరికైనా చెబుతుందని ఆమెకు తట్టలేదు.

ఫోను పారెయ్యలేదు. పోయిన అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ తర్వాత ఎటు వెళ్లినా మెర్వే. బట్టలారేసే చోట, ఇసుక దారిలో. కనబడినప్పుడల్లా ఫోను పారేశావా అనే అడిగేవాడు. క్రెయిగ్ పెట్టిన మనిషే అని ఆమెకు రూఢి అయిపోయింది.

వెళ్లి క్యాంపు యజమానురాలు గ్లెనిస్‌తో చెప్పింది. గ్లెనిస్ ఆయన్ని ఖాళీ చెయ్యమంది. మెర్వ్ వ్యాను తీసుకెళ్లి గేటు బయట రోడ్డువారగా ఆపుకున్నాడు.

"పీడ వదిలిందనుకుంటే గుమ్మంలో కూర్చుందే," అని విసుక్కుంది గ్లెనిస్. బ్రైడీ పోలీసులకు ఫోన్ చేసి ఆయన మీద ఫిర్యాదు ఇచ్చింది.

వాళ్లింకా రాకముందే, ఓ వానపూట, గేటు దగ్గర హారన్ ఆగకుండా మోగింది.

వ్యాను గేటుకు అడ్డంగా ఉంది. దాని ముందు మెర్వ్. ఆయన ముందు క్రెయిగ్.

"అలాంటి వాళ్లెవరూ ఇక్కడ లేరు," అంటున్నాడు మెర్వ్.

"ఉంది. ఫోను చూపిస్తోంది. తప్పుకో ముసలోడా."

మెర్వ్ తప్పుకోలేదు.

క్రెయిగ్ ట్రక్కులోంచి జాకీ రాడ్డు తీశాడు. గ్లెనిస్ బ్రైడీని ఆఫీసు గదిలోకి లాగి గడియ పెట్టింది. లోపలికి దెబ్బలు వినిపించాయి. ముసలాయన గొంతు మాత్రం వినిపించలేదు.

పోలీసులొచ్చి క్రెయిగ్‌ను పట్టుకునేసరికి మెర్వ్ గులకరాళ్ల మీద పడి ఉన్నాడు. ఒక చెయ్యి గేటు ఊచను ఇంకా పట్టుకునే ఉంది. ఊపిరి లేదు.

ఆయన తాలూకు వాళ్లెవరికి కబురు పెట్టాలని అడిగింది బ్రైడీ.

"ఎవరూ లేరమ్మా," అంది పోలీసావిడ. "ఒక్కతే కూతురు. ఆ పిల్లనీ మొగుడే వెతికి పట్టుకుని చంపాడు. ఆ కేసు చూసింది నేనే."

ఆవిడ టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"మొగుడు కొనిచ్చిన ఫోన్లోనే కూతురికి పేరులేని సిమ్ తన చేత్తో వేసిచ్చి, ఇక నువ్వెవరికీ దొరకవని ధైర్యం చెప్పి పంపింది మెర్వే."