మన తరఫు మనిషి

“చొక్కా అయినా మార్చుకుని రావాల్సిందయ్యా!”

వరండాలో బెంచీ మీద కూర్చున్న మనిషి తన చేతుల వైపు చూసుకున్నాడు. చొక్కా అంచుకి గ్రీజు అంటి ఉంది.

“పనిలోంచి లేచి వచ్చానమ్మా.”

“పోనీలెండి, వచ్చారు, అదే పదివేలు. పదకొండో నంబరు ఫైలు కోసమేగా?”

“అవునమ్మా.”

సండే స్కూలు టీచరు ఊపిరి పీల్చుకుంది.

ఆమె కొడుకు వ్యాను డ్రైవరు. మలుపులో సైకిల్ మీద వస్తున్న ఒక అమ్మాయిని గుద్దాడు. అమ్మాయి చనిపోయింది. ఏడేళ్ళు జైలు పడింది. మూడేళ్ళు గడిచాయి. మిగతా నాలుగూ తగ్గించాలో వద్దో ఈ రోజు జైలు బోర్డు తేలుస్తుంది.

ఖైదీ తరఫున ఒక్కరే మాట్లాడాలి. కన్నవాళ్ళు మాట్లాడకూడదు. అందుకే పక్క సంఘం నుంచి ఒక పెద్దమనిషిని పంపిస్తానని పాస్టరుగారు మాట ఇచ్చారు. పెద్దమనిషి అంటే కోటు ఉంటుందనుకుంది ఆమె.

పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

“ఏం చెప్పాలో గుర్తుపెట్టుకోండి. మావాడికి తాగుడు లేదు. ఆ పిల్లే చూసుకోకుండా అడ్డం వచ్చింది. సైకిల్‌కి లైటు కూడా లేదు.”

“లైటు ఉందమ్మా.”

“ఉంటే ఉంది. ఉన్నవన్నీ లోపల ఏకరువు పెట్టక్కర్లేదు.”

అతను గ్రీజు మరకని గోటితో గీకాడు.

“మీవాడేమంటాడమ్మా?”

“ఏమంటాడు! ప్రతి ఉత్తరంలోనూ ఆ పిల్ల గోలే. కళ్ళు మూస్తే ఆ మలుపే కనిపిస్తోందట. సగం చదివి మడిచేస్తాను.”

అతను నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. బెదిరిపోయాడనుకుంది టీచరు.

“భయపడకండి. ఈ ఆదివారం పిల్లలకి నేను చెప్పే పాఠం ఇదే. పూర్వం ప్రధాన యాజకుడు ఏడాదికొకసారి దేవాలయంలో తెర లోపలికి వెళ్ళేవాడు, జనం తప్పులు క్షమించమని అడగడానికి. స్నానం చేసి, నారబట్టలు కట్టుకుని వెళ్ళేవాడు. మీలా కాదు.”

“వట్టి చేతులతోనా?”

“రక్తం పట్టుకుని. మేకలది, కోడెలది. ఇప్పుడా అవసరం లేదు. యేసుప్రభువు తన రక్తంతోనే ఒక్కసారి లోపలికి వెళ్ళాడు. పరలోకంలో తండ్రి దగ్గర మనకోసం అడుగుతూనే ఉన్నాడు.”

“ఆయన్ని చంపినవాళ్ళ కోసం కూడానా?”

“వాళ్ళ కోసమే కదయ్యా! రెండో తరగతి పిల్లలకి తెలిసిన ముక్క, ఈ వయసులో మీకు నేను చెప్పాలా?”

“తెలుసమ్మా. అలా అడగడం ఆయనకెంత కష్టమో ఎప్పుడూ ఆలోచించలేదు.”

తలుపు తెరుచుకుంది.

“పదకొండో నంబరు!” బంట్రోతు కేకేశాడు. “రండి, రండి. అయ్యగార్లకి ఆకలి మొదలైతే ఎవరి మాటా చెవికెక్కదు.”

అతను లేచాడు. టీచరు అతన్ని ఆపి కాలరు గుండీ పెట్టింది. చేతిరుమాలుతో గ్రీజు తుడిచి చూసింది. పోలేదు.

“లైటు మాట ఎత్తకండేం!”

తలుపు మూసుకుంది. గోడ గడియారంలో తొమ్మిది నిమిషాలు గడిచాయి. లోపలి మాట ఒక్కటీ బయటికి రాలేదు.

ఇంతలో ఒకాయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. కోటు వేసుకుని ఉన్నాడు.

“పాస్టరుగారు పంపారమ్మా. బస్సు దారిలో మొరాయించింది. పదకొండో నంబరు పిలిచేశారా?”

ఆమె తలుపు వైపు వేలు చూపించింది.

“మరి లోపలికి వెళ్ళిందెవరు?” అన్నాడు కోటాయన.

బంట్రోతు ఒక్కడే బయటికి వచ్చాడు.

“అమ్మా, సోమవారం మీవాణ్ణి వదిలేస్తున్నారు. ఇంటికెళ్ళి వాడి మంచం దులపండి.”

“మా తరఫాయన ఇప్పుడేగా వచ్చారు! ఇంకా మాట్లాడనే లేదు.”

“ఇంక అక్కర్లేదన్నారు. ‘మూడేళ్ళు చాలు, వాణ్ణి వాళ్ళమ్మ దగ్గరికి పంపండి’ అని లోపలికి వచ్చినాయన దండం పెట్టి అడిగాక బోర్డులో ఒక్కరూ కాదనలేదు.”

“ఎక్కడున్నాడాయన?”

“వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు.”

ఆమె వరండా చివరి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద వీధిలో జనం వస్తున్నారు, పోతున్నారు. అతను కనిపించలేదు.

“ఎవరండీ ఆయన? పేరు కూడా అడగలేదు నేను.”

బంట్రోతు ఆమెని ఎగాదిగా చూశాడు.

“తెలియకుండానే ఇంతసేపు పక్కన కూర్చున్నారా? కేసు నడిచినన్నాళ్ళూ కోర్టు గడప తొక్కలేదుగానీ, ఈ రోజు బోర్డు పిలిస్తే వచ్చాడు. మీవాడి వ్యాను కింద పోయిన అమ్మాయి తండ్రి ఆయనే.”