కుర్చీకి తొడిగిన టీషర్టు

"ఆ టీషర్టు ముట్టుకోకండి. అది వేరేవాళ్ళది."

కుర్చీకి తొడిగిన టీషర్టు మీది అక్షరాలను వేలితో తడుముతున్న మనిషి, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దాని మీద 'తీరిక' అని రాసి ఉంది.

ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా ఓ చెయ్యి వెయ్యగల సాఫ్ట్‌వేర్ల సదస్సు అది. హాల్లో ఓ మూలన, ముట్టుకోవద్దన్న అమ్మాయి వాళ్ళ స్టాల్. ఒక బల్ల, రెండు ల్యాప్‌టాపులు, ఒక స్పీకరు, గుట్టగా స్టిక్కర్లు. తెర మీద రాసింది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి, జీతం లేకుండా తయారుచేశారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే ఫోరంలో పెట్టుకున్న పేర్లే తెలుసు.

స్టాల్ చూసుకుంటున్న అమ్మాయి పేరు వసపిట్ట. నోరు మూతపడదని ఫోరంలో వాళ్ళే పెట్టారు.

ఆ రోజు వసపిట్ట ఎదురుచూస్తున్నది ఒక్కరి కోసం.

వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ప్రోగ్రాం పనిచెయ్యకపోతే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఫోరంలో అడిగితే, ఇది కూడా తెలియదా అని నవ్వారు. ఇక ఈ చదువు నావల్ల కాదు అనుకున్న రోజున, తీరిక అనే పేరుతో ఒక జవాబు వచ్చింది.

'తొందరేం లేదమ్మా. మొదట్నుంచీ చెప్పండి.'

ఆ తర్వాత ఆమె అడగని ప్రశ్న లేదు. ఆయన విసుక్కున్న రోజూ లేదు. ఆ జవాబులు పట్టుకునే డిగ్రీ గట్టెక్కింది. ఉద్యోగమూ వచ్చింది.

ఎప్పుడూ ఏ సభకీ రాని ఆయన ఈసారి వస్తానన్నారు. రాగానే కుర్చీలో కూర్చోబెట్టాలి. ఎదురుగా నిలబడి ఒక మాట చెప్పాలి. ఆ మాట అద్దం ముందు చెప్పుకుని మరీ వచ్చింది.

"మెడ పట్టేస్తుందే వసపిట్టా, అలా గుమ్మం వైపే చూస్తుంటే. మొహం తెలియని మనిషిని ఎలా గుర్తుపడతావ్?" అన్నాడు, ఇందాక పక్క హాలుకి బయల్దేరుతూ, అందరూ పెద్దన్న అని పిలిచే స్టాల్ పెద్ద.

"గుర్తుపట్టెయ్యనూ? ఆ రాత చూస్తే తెలియట్లేదా పెద్దన్నా. నోరు తెరిస్తే హాలంతా చెవులొగ్గి వినే మనిషి అయ్యుంటారు."

"సరేగానీ, పొద్దున్నలా మళ్ళీ ఎవడూ ల్యాప్‌టాప్ మీద పడకుండా చూసుకో."

పొద్దున కొందరు కుర్రాళ్ళు వచ్చి, ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌లో బూతులు కొట్టి మీట నొక్కారు. యంత్రం వాటిని పాఠం చదివినంత శ్రద్ధగా హాలంతటికీ వినిపించింది. పక్క స్టాల్ వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వసపిట్టకు ఆ మంట ఇంకా చల్లారలేదు.

టీషర్టు ముట్టుకున్న మనిషి కదల్లేదు. నలిగిన చొక్కా, భుజాన సంచి. మెడలో బ్యాడ్జి తిరగబడి ఉంది.

"నే... నే..." అన్నాడు.

"స్టిక్కర్లేగా. మనిషికొకటి, తీసుకోండి."

చేతిలో పెట్టింది కూడా. అతను తల అడ్డంగా ఊపాడు. పెదవులు కదిలాయి. మాట ఊడిపడలేదు.

"వెనక జనం ఉన్నారండీ. తొందరగా చెప్పండి."

అతను పక్కకు తప్పుకున్నాడు.

వచ్చినవాళ్ళకు వసపిట్ట గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. మధ్యలో ఓరగా చూసింది. ఆ మనిషి బల్ల చివరన వంగి, ఖాళీ ల్యాప్‌టాప్‌లో ఏదో కొడుతున్నాడు. కొడుతూ కొడుతూ తనవైపు చూస్తున్నాడు. వేలు మీట మీద పడింది.

యంత్రం గొంతు సవరించుకునేలోగా ఆమె వెళ్ళి మూత దబ్బున మూసేసింది.

"మీరు కూడానా? వాళ్ళంటే కుర్రాళ్ళు, బుద్ధి లేదనుకున్నాం. ఇంత వయసొచ్చి మీకిదేం పనండీ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అతని మొహం కందిపోయింది. మూసిన ల్యాప్‌టాప్‌ని చూపించబోయి, ఆమె చూపు చూసి చెయ్యి దించేశాడు. ఆమె ఇచ్చిన స్టిక్కరును తిరిగి గుట్టలో పెట్టి, జనంలో కలిసిపోయాడు.

వసపిట్ట ల్యాప్‌టాప్‌ని తీసుకెళ్ళి బల్ల కింద పెట్టెలో పడేసింది.

సాయంత్రం హాలు ఖాళీ అవుతోంది. పెద్దన్న బ్యానరు చుడుతున్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది.

"రాలేదు పెద్దన్నా. అంతేలే. రాతల్లో ఉన్నంత మర్యాద మనుషుల్లో ఉండదు."

"అలా అనకు. ఎవరి ప్రశ్ననీ సగంలో వదిలెయ్యని మనిషి. వస్తానని రాకుండా ఉండడు."

"మరి ఏరీ?"

ఆమె విసురుగా పెట్టెలోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఆపకుండానే మూసేసిన సంగతి గుర్తొచ్చి మూత తెరిచింది. తెర వెలిగింది. మధ్యాహ్నం నొక్కిన మీట యంత్రానికి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఏం బూతు వినాల్సొస్తుందోనని ఆమె చెయ్యి గబగబా గొంతు తగ్గించే మీట వైపు వెళ్ళింది.

"తొందరేం లేదమ్మా," అంది యంత్రం.

చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

పెద్దన్న బ్యానరు చుట్టడం ఆపి చూశాడు. వసపిట్ట ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

పొద్దున బూతులు చదివినంత శ్రద్ధగానే, ఖాళీ హాలంతటికీ వినిపించేలా యంత్రం మిగతాది చదివింది.

"ముందు వాళ్ళకు చెప్పండి, నాకు మాట తడబడుతుంది కనుక దీనితో చెప్పిస్తున్నాను, తీరిక అంటే నేనే, మీ పని అయ్యేదాకా ఈ పక్కనే నిలబడి ఉంటాను."